పెద్ద చక్రము – తగ్గిన పట్టు

భౌతిక శాస్త్రమున బల భ్రామకమను పాఠము కలదు. బలమును దూరముచే గుణించిన భ్రామకము వచ్చునని విద్యార్థులు కంఠస్థము చేయుదురు. పరీక్ష ముగియగానే మఱచుదురు. ఆ చిన్న సూత్రమే రాళ్లదారిలో జీపును నడపునదియు, నిలిపివేయునదియు నని తెలిసినచో దానిని మఱువజాలరు.

రాళ్లు, బురద, వాగులు గల దారులలో పోవు బండికి నేలకును ఇరుసునకును నడుమ ఎడము హెచ్చుగా నుండవలెను. అందుచే పలువురు జీపుదారులు బండితో వచ్చిన టైర్లను తీసివేసి, వానికంటె పెద్ద టైర్లను తొడిగింతురు. 30 అంగుళముల టైరునకు బదులు 35 అంగుళముల టైరును వేసినచో ఇరుసు రెండున్నర అంగుళములు పైకి లేచును. పెరిగిన వ్యాసములో సగము మాత్రమే ఎత్తుగా దక్కునని గమనింపుడు. ఈ లాభమునకు చెల్లించు వెల మొదటి మిట్టయొద్దనే తెలియును. మునుపు రెండవ గేరులో ఎక్కిన మిట్టను ఇప్పుడు మొదటి గేరులో గాని బండి ఎక్కదు. ఇంజను పాడైనదని తలచి దానిని విప్పించినను అందు లోపమేమియు కానరాదు.

బలము తగ్గుటకు కారణము

నూతిమీద అడ్డముగా నమర్చిన కఱ్ఱదిమ్మకు త్రాడు చుట్టి, పిడితో త్రిప్పి నీరు తోడుటను ఊహింపుడు. దిమ్మ సన్ననిదైనచో బాన మెల్లగా లేచును, చేతికి శ్రమ తక్కువ. దిమ్మ లావైనచో ఒక్కొక్క చుట్టునకు త్రాడు హెచ్చుగా చుట్టుకొనును, కాని చేయి నొచ్చును. త్రిప్పువాని సత్తువ మాఱలేదు. త్రాడు లాగు చోటు ఇరుసునకు దూరమైనది. అంతియే భేదము.

జీపు చక్రమును అట్టిదే. ఇంజను ఇరుసును మెలిపెట్టు భ్రామకమును చక్రపు వ్యాసార్ధముచే భాగించిన, టైరు నేలను వెనుకకు నెట్టు బలము వచ్చును. ఒక గేరులో ఆ బలము 840 కిలోల బరువునకు సమానమనుకొందము. వ్యాసార్ధము 15 అంగుళములనుండి 17½ అంగుళములకు పెరిగినచో, 840 ని 15 చే గుణించి 17½ చే భాగింపుడు. 720 వచ్చును. ఏడవ వంతు బలము నేలయొద్ద తగ్గినది. ఇంజను సామర్థ్యమున మాత్రము రవ్వంతయు లోపము లేదు.

ఇంకొక కారణమును కలదు. పెద్ద టైరు బరువైనది. ఆ బరువులో హెచ్చు భాగము అంచున నుండును. త్రిరుగు వస్తువు యొక్క జడత్వము వ్యాసార్ధపు వర్గము ననుసరించి పెరుగును. కావున నిలిచిన బండిని కదల్చుటకును, వేగము పెంచుటకును ఇంజను మునుపటికంటె హెచ్చుగా శ్రమింపవలెను.

పోయిన పట్టును తిరిగి తెచ్చుట

ఇరుసు నడుమనున్న గుండ్రని పెట్టెలో రెండు పండ్ల చక్రములుండును. చిన్నదానిని పినియననియు, పెద్దదానిని క్రౌను చక్రమనియు పిలుతురు. పినియనుకు 10 పండ్లు, క్రౌనుకు 41 పండ్లు ఉన్నచో నిష్పత్తి 4.10. అనగా పినియను 4.10 మార్లు తిరిగిన ఇరుసు ఒకమారు తిరుగును. వేగము తగ్గిన మేరకు భ్రామకము పెరుగును.

టైరు పెరిగిన మేరకు ఈ నిష్పత్తిని పెంచినచో పోయిన పట్టు తిరిగి వచ్చును. 4.10 ని 35 చే గుణించి 30 చే భాగించిన 4.78 వచ్చును. పండ్లు పూర్ణ సంఖ్యలుగా మాత్రమే ఉండగలవు గనుక కోరిన నిష్పత్తి దొరకదు. దానికి పైనున్న దగ్గఱిదానిని గ్రహింపవలెను. 8 పండ్ల పినియను, 39 పండ్ల క్రౌను గల జత నిష్పత్తి 4.88. దానిని అమర్చినచో మన ఉదాహరణములోని 720 కిలోల బలము 856 కిలోలగును.

ఈ ఉపాయము క్రొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో తయారైన విల్లీసు సైనిక జీపు ఇంజను సామర్థ్యము 60 అశ్వసామర్థ్యములు. ఇరుసు నిష్పత్తి 4.88. 1945లో ఆ సంస్థయే పొలము పనులకును ఉపయోగించునట్లు పౌర జీపును తయారుచేసినపుడు ఇంజనును పెద్దది చేయలేదు. 8 పండ్ల పినియనుకు 43 పండ్ల క్రౌనును జతపఱచి నిష్పత్తిని 5.38కి పెంచిరి. పట్టు పదవ వంతు పెరిగినది. ఆ మేరకు వేగము తగ్గినది. యంత్రములలో ఒకటి పొందవలెనన్న మఱియొకటి వదలుకొనక తప్పదు.

మఱువరాని విషయములు

మొదటిది: నాలుగు చక్రములను నడపు బండిలో ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును ఒకే నిష్పత్తి ఉండవలెను. ఒకదానినే మార్చి నాలుగు చక్రములకు బలము కలిపినచో రెండు ఇరుసులు రెండు వేగములతో తిరుగ జూచి, నడుమనున్న కడ్డీలును పండ్లును విఱుగును. పండ్ల నడుమ సందు అంగుళములో వెయ్యవ వంతులతో కొలువదగినది గనుక ఆ పని నేర్పరియైన పనివాడు చేయవలసినది.

రెండవది: పట్టు తిరిగి వచ్చినను బ్రేకు తిరిగి రాదు. బ్రేకు పండ్ల చక్రములకు ఆవల, చక్రముయొద్దనే పట్టును. వ్యాసార్ధము పెరిగినందున దాని నిలుపు బలము నేలయొద్ద అదే ఏడవ వంతు తగ్గును. ఎక్కలేని బండి వలన ఆలస్యము మాత్రమే కలుగును. దిగునపుడు ఆగని బండి వలన ప్రాణహాని కలుగును.

మూడవది: టైరు మార్చి మీటరును సరిచేయనిచో అది అసత్యము పలుకును. మీటరు 60 చూపునపుడు బండి 70 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. మన దేశమున మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను, నమోదు పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నదనియు తెలిసికొనవలెను.

కావున ఒక భాగమును మార్చినవాడు దానితో ముడిపడిన భాగములనన్నిటిని లెక్కింపవలెను. లోపము కనబడినచోటనే కారణముండవలెనను నియమము లేదు. ఇంజను అలసినట్లు తోచినను కారణము చక్రముయొద్ద ఉన్నది.

అభ్యాసము

ఒక జీపు టైరు వ్యాసము 28 అంగుళములు. ఇరుసు నిష్పత్తి 3.73. దానికి 32 అంగుళముల టైర్లను వేసిరి.
1. మునుపటి పట్టు రావలెనన్న నిష్పత్తి ఎంత ఉండవలెను?
2. 4.10, 4.56 నిష్పత్తులు గల జతలు మాత్రమే దొరకినచో దేనిని గ్రహింతురు?
3. సరిచేయని మీటరు 70 చూపునపుడు నిజమైన వేగమెంత?

జవాబులు: 1. 4.26. 2. 4.56. 3. గంటకు 80 కిలోమీటర్లు.