సంతకం అల్లుడిది, కోత బిడ్డకు

ప్రశ్న: మాది వెలుగోడు. నా బిడ్డను కాన్పుకని నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తోడుకపోతిమి. నొప్పులు మొదలైన నాలుగు గంటలకే ఉమ్మనీరు తక్కువుందని, ఆపరేషన్ చేయాలని అల్లుడితో సంతకం పెట్టించుకునిరి. నా బిడ్డను ఎవురూ అడగలేదు. తల్లీపిల్లా బాగుండారు గానీ, ఆ కోత అవసరమేనా అని మనసు పీకుతాంది. కేస్‌షీట్ అడిగితే "సంతకం పెట్టినాక ఇంకేముంది" అంటిరి. మేమేమన్నా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చమ్మా. ఆపరేషన్ అవసరమా అన్నది ఒక ప్రశ్న, మీ బిడ్డను అడిగారా అన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ కలిపేస్తే రెండూ చెడతాయి.

అడగడం సంగతి ముందు. ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఒప్పుకోలు చెల్లదంది. తెలివిలో ఉన్న మేజరు మనిషి తరఫున తల్లిగానీ మొగుడుగానీ ఒప్పుకోలేరు. ఏం చేస్తారు, ఎందుకు, వేరే దారి ఉందా, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ ఆమెకే చెప్పాలి. ప్రాణం మీదికొచ్చి, ఆగే వ్యవధి లేనప్పుడే మినహాయింపు. మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ కాగితం మొగుడి చేతికే పోతుంది. అతనూ చదవకుండానే పెడతాడు.

అవసరమా అన్నది కష్టమైన ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాసుపత్రుల్లో వంద కాన్పులకు 26.6 సిజేరియన్లు, ప్రైవేటులో 63. ఈ తేడా చూస్తే అనుమానం రాక మానదు. కానీ ఆ లెక్క మీ కేసును గెలిపించదు. డాక్టరు అంచనా తప్పినంత మాత్రాన నిర్లక్ష్యం కాదని జేకబ్ మాథ్యూ కేసులో 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 

కాబట్టి కాగితాలే ముఖ్యం. స్కాన్ రిపోర్టులో ఉమ్మనీరు ఎంతుంది? కడుపులోని బిడ్డ గుండె కొట్టుకోవడం చూపే పట్టీ ఏమంటోంది? నొప్పులకు మందు ఎప్పుడు ఎక్కించారు? ఇవి కేస్‌షీట్‌లో ఉండాలి. 2002 వైద్య మండలి నిబంధనల ప్రకారం, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. నోటితో అడిగితే నోటితోనే పంపిస్తారు. తెల్ల కాగితం మీద మీ బిడ్డ సంతకంతో అర్జీ రాసి, రసీదు వచ్చేలా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రికార్డులను మూడేళ్లే దాచాలన్నది నిబంధన, ఆలస్యం చేయొద్దు.

డబ్బు కట్టించుకున్న ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చెల్లించిన బిల్లు 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయరు లేకుండానే వేయొచ్చు, కానీ కాగితాలను ఇంకో డాక్టరుకు చూపించి అభిప్రాయం రాయించుకోకుండా దిగకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది: 15100కు ఫోన్ చేయండి.

కేసు వేయకపోయినా ఆ కేస్‌షీట్ తెచ్చుకోండి. గర్భసంచి మీద కోత అడ్డంగా పడిందా, నిలువుగా పడిందా అన్నది అందులోనే ఉంటుంది. రెండో కాన్పు మామూలుగా కావచ్చా అని మీ బిడ్డ అడిగిన రోజున డాక్టరు మొదట చూసేది దాన్నే.