కారు నంబర్ ప్లేట్ లైట్ వెలగట్లేదా? ఇంట్లోనే ఇలా మార్చుకోండి.. ఎల్‌ఈడీ మంచిదా, మామూలు బల్బా?

హెడ్‌లైట్ పోతే ముందున్న రోడ్డు చీకటైపోతుంది కాబట్టి మనకు వెంటనే తెలిసిపోతుంది. వెనక నంబర్ ప్లేట్ లైట్ సంగతి అలా కాదు. అది ఆగిపోయి నెలలు గడిచినా స్టీరింగ్ ముందు కూర్చున్న మనకు తెలియదు. ఈ బల్బును ఇంటి దగ్గరే ఎలా మార్చుకోవాలి, ఏ బల్బు కొనాలి అన్నది ఈ ఆర్టికల్‌లో చూద్దాం. మా కారుకు మార్చినప్పుడు ఫోన్‌తో చేసిన చిన్న టెస్ట్ గురించి కూడా చెబుతాను.

ఇంత చిన్న లైట్‌తో పనేంటి?

మాది పల్నాడు జిల్లా దాచేపల్లి. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. పగలూ రాత్రీ లారీలు తిరుగుతూనే ఉంటాయి. ఇలాంటి రోడ్డు మీద రాత్రిపూట ఎవరినైనా గుద్దేసి ఆగకుండా పోయిన బండిని పట్టుకోవాలంటే నంబరే ఆధారం. మన బండిని ఎవరైనా ఎత్తుకుపోయినా అంతే.

రూల్ కూడా స్పష్టంగా ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 105వ నియమం ప్రకారం చీకటి పడ్డాక నడిపే బండికి వెనక నంబర్ మీద తెల్లని వెలుగు పడాలి. 15 మీటర్ల దూరం నుంచి నంబర్ చదవగలగాలి. నీలం, ఊదా లాంటి రంగు బల్బులు చూడ్డానికి బాగున్నా రూల్‌కు విరుద్ధమే.

"2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చే బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లు ఉన్నాయి కదా, అవే మెరుస్తాయిగా?" అని మీకు డౌట్ రావచ్చు. మెరుస్తాయి, నిజమే. కానీ ఆ షీట్ తన మీద పడిన వెలుగును ఎటు నుంచి వచ్చిందో అటే తిప్పి పంపుతుంది. అంటే వెనక బండి హెడ్‌లైట్ పడితే ఆ బండి డ్రైవర్‌కు బాగా కనిపిస్తుంది. రోడ్డు పక్కన నిలబడ్డ మనిషికి, స్తంభం మీదున్న సీసీ కెమెరాకు అంతగా కనిపించదు. వాళ్ల కోసమే ఈ లైట్.

ముందు తేడా ఎక్కడుందో చూడండి

పార్కింగ్ లైట్లు ఆన్ చేసి వెనక్కి వెళ్లి చూడండి. ప్లేట్ పైన రెండు లైట్లుండి ఒకటే వెలగకపోతే చాలావరకు బల్బే మాడిపోయి ఉంటుంది. రెండూ వెలగట్లేదు, టెయిల్ లైట్లు కూడా లేవంటే ముందు ఫ్యూజ్ చూడండి. ఏ నంబర్ ఫ్యూజో కారుతో వచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది. టెయిల్ లైట్లు బాగానే ఉండి ఈ రెండూ ఒకేసారి పోతే, డిక్కీ డోర్ కీలు దగ్గర వైరు తెగిందేమో చూడాలి. డోర్ తీసి వేసే ప్రతిసారీ అక్కడ వైర్లు వంగుతుంటాయి.

బల్బు మార్చే పద్ధతి

1. ఇగ్నిషన్, లైట్లు ఆఫ్ చేయండి. అప్పటిదాకా వెలుగుతుంటే ఐదు నిమిషాలు చల్లారనివ్వండి.

2. లైట్ కవర్‌ను ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఏ వైపు ఎటో వెతుక్కోనక్కర్లేదు. కొన్ని కార్లలో కవర్ బయటి నుంచే ఊడుతుంది. కొన్నింటిలో డిక్కీ డోర్ లోపలి ప్లాస్టిక్ ట్రిమ్ తీయాలి.

3. బయటి నుంచి తీసేదైతే సన్న స్క్రూడ్రైవర్ మొనకు ఇన్సులేషన్ టేప్ చుట్టి, క్లిప్ ఉన్న వైపు మెల్లగా నొక్కండి. టేప్ ఉంటే పెయింట్ గీసుకుపోదు. కవర్ రాకపోతే బలవంతం చేయకండి, క్లిప్ రెండో వైపు ఉండొచ్చు.

4. హోల్డర్‌ను గడియారం ముల్లుకు వ్యతిరేకంగా పావు చుట్టు తిప్పితే బయటికి వస్తుంది. బల్బును తిప్పకుండా నేరుగా లాగండి.

5. హోల్డర్ లోపలి రేకులు చూడండి. మా దగ్గర సున్నపురాయి, సిమెంట్ దుమ్ము ఎక్కువ. వాన నీళ్లు తోడైతే లోపల తెల్లగా పేరుకుపోతుంది. పచ్చగా చిలుము పట్టి ఉంటే ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి.

6. కొత్త బల్బు పెట్టి, కవర్ బిగించే ముందే లైట్ వేసి చూడండి. ఎల్‌ఈడీ వెలగకపోతే తీసి అటుదిటు తిప్పి పెట్టండి. చాలా ఎల్‌ఈడీలకు ప్లస్, మైనస్ తేడా ఉంటుంది. మామూలు బల్బుకు ఆ గొడవ లేదు.

7. కవర్ చుట్టూ రబ్బరు ఉంటే సరిగ్గా కూర్చుందో లేదో చూసి బిగించండి. లేదంటే వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే పని.

మల్టీమీటర్ ఉన్నవాళ్లకు: కొత్త బల్బు కూడా వెలగకపోతే లైట్ ఆన్ చేసి హోల్డర్ దగ్గర వోల్టేజ్ చూడండి. సుమారు 12 వోల్టులు వస్తుంటే తప్పు రేకుల పట్టులో ఉంది. అసలు రాకపోతే ఫ్యూజో, వైరో, ఎర్తింగో చూడాలి.

ఏ బల్బు కొనాలి?

చాలా కార్లలో ఉండేది డబ్ల్యూ5డబ్ల్యూ రకం. షాపుల్లో టీ10 అంటారు. 12 వోల్టులు, 5 వాట్లు, సుమారు 50 ల్యూమెన్ల వెలుగు. కొన్ని కార్లలో రెండు చివరలా మూతలున్న గొట్టం లాంటి బల్బు ఉంటుంది. దాంట్లో పొడవులు వేరువేరుగా వస్తాయి కాబట్టి పాతది జేబులో వేసుకుని వెళ్లండి. మామూలు బల్బు కొన్ని పదుల రూపాయల్లోనే దొరుకుతుంది.

5 వాట్ల బల్బు దాదాపు 0.4 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 1 వాట్ ఎల్‌ఈడీకి 0.1 ఆంపియర్ కూడా అక్కర్లేదు, వేడీ తక్కువే. అయితే బల్బులను కనిపెట్టుకుని ఉండే సిస్టమ్ ఉన్న కార్లలో, ఇంత తక్కువ కరెంటు చూసి బల్బు పోయిందనుకుని డ్యాష్‌బోర్డ్ మీద వార్నింగ్ రావచ్చు.

నా ఫోన్ టెస్ట్

ఒకవైపు బాగా వెలుగిచ్చే ఎల్‌ఈడీ, ఇంకోవైపు మామూలు బల్బు పెట్టాను. చీకట్లో కారు నిలిపి ఇరవై పెద్ద అంగలు వెనక్కి వెళ్లి, ముందు కంటితో, తర్వాత ఫ్లాష్ ఆఫ్ చేసి ఫోన్‌తో చూశాను. కంటికి రెండు వైపులా అంకెలు కనిపించాయి. ఆటో మోడ్ ఫొటోలో మాత్రం ఎల్‌ఈడీ వైపు అంకెలు తెల్లగా వెలిసిపోయాయి. చుట్టూ చీకటి ఉంటే కెమెరా ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, అప్పుడు ప్రకాశవంతమైన ప్లేట్ తెల్లని పలకలా మిగులుతుంది. స్క్రీన్ మీద ప్లేట్ దగ్గర టచ్ చేస్తే ఎక్స్‌పోజర్ తగ్గి అంకెలు తేలాయి. స్తంభం మీది సీసీ కెమెరాకు అలా టచ్ చేసి సరిచేసేవాళ్లు ఉండరు కదా!

ఫైనల్‌గా నా మాట

కంపెనీ ఇచ్చిన 5 వాట్ల బల్బే వేసుకోండి, చాలు. ఎల్‌ఈడీయే కావాలంటే దాదాపు 50 ల్యూమెన్లు ఇచ్చే తెల్లది తీసుకోండి. ప్యాకెట్ మీద పెద్ద అంకె చూసి మోసపోవద్దు. ఇక్కడ మనకు కావాల్సింది నంబర్ చదవగలగడం. నెలకోసారి టైర్లలో గాలి చూసుకునేటప్పుడు పార్కింగ్ లైట్ వేసి వెనక్కి ఒక చూపు చూడండి. పెద్దగా టైమ్ పట్టదు.