చేనిలోని చిన్న యంత్రము – దాని నిద్రను పొడిగించు విధము

నేల తేమను కొలుచుటకును, తొట్టిలోని నీటిమట్టమును తెలుపుటకును ఇప్పుడు చిన్న ఎలక్ట్రానిక్ పరికరములు వాడుకలోనికి వచ్చినవి. చైనాదేశమునందలి షాంఘై నగరపు ఎస్‌ప్రెసిఫ్ సంస్థ 2014లో వెలువరించిన ఇ.ఎస్.పి. 8266 అను వై-ఫై మైక్రోకంట్రోలరు వీనిలో కొన్నింటికి ఆధారము. దీని వెల స్వల్పమే; ఆకలి మాత్రము పెద్దది. వై-ఫై నడుచుచున్నంతసేపు సుమారు 80 మిల్లీ ఆంపియర్లు తినును. కరెంటు తీగ చేరని చేనిలో 2000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ ఈ లెక్కన 25 గంటలకే వట్టిపోవును. పైరు పొట్టమీద నున్నప్పుడు కబురు ఆగినచో, తడి తప్పిన సంగతి ఆకు వాడిన తరువాతనే రైతునకు తెలియును.

కావున యంత్రమును నిద్రపుచ్చవలెను. గాఢనిద్రలో దీని వాడకము సుమారు 20 మైక్రో ఆంపియర్లు, అనగా మేలుకొన్నప్పటి దానిలో నాలుగు వేలవ వంతు. అప్పుడు గడియారమొక్కటే నడుచుచుండును. గడువు తీరగానే అది 16వ పిన్ను ద్వారా రీసెట్ పిన్నును తట్టి యంత్రమును లేపును. ఈ రెంటిని తీగతో కలుపనిచో అది తనంతట లేవదు.

చిక్కంతయు ఆ గడువులోనే కలదు. నిద్రాకాలమును మైక్రో సెకండ్లలో చెప్పవలెను. పాత ప్రోగ్రాములలో ఆ సంఖ్యకు 32 బిట్ల చోటే యుండుటచే 71 నిమిషములకు మించి నిద్ర సాగదు. తరువాతి కూర్పులలో ఇది మూడు గంటలకు పైగా పెరిగినను, దినమునకొక్క కబురు చాలుననువారికి అదియు చాలదు.

అందుచే నిద్రను ముక్కలు చేయుదము. గాఢనిద్రలో మామూలు జ్ఞాపకము చెరిగిపోవును గాని, గడియారమును అంటియున్న 512 బైట్ల జ్ఞాపకము నిలుచును. ఆరు గంటల నిద్ర కావలెనన్న అందులో 6 అని వ్రాయవలెను. యంత్రము గంటకొకసారి లేచి, అంకెను ఒకటి తగ్గించి, సున్న కానిచో వెంటనే మరల నిద్రించును. ఈ నడిమి మెలకువలలో రేడియోను తెరువరాదు. అయితే తెరచుటయో మూయుటయో లేచిన తరువాత నిర్ణయించునది కాదు. నిద్రకు పోవునపుడే చెప్పవలెను. అంకె 1 అయినప్పుడు, కడపటి కునుకునకు ముందు, రేడియోతో లేవవలెనని ఆజ్ఞ యీయవలెను. ఇది మరచినచో యంత్రము లేచియు మాటాడదు. క్రొత్తగా బ్యాటరీ తగిలించినప్పుడు ఆ జ్ఞాపకములో ఏదో చెత్త సంఖ్య యుండును గనుక, అంకె ప్రక్కనొక గుర్తు కూడ వ్రాసి సరిచూచుట మేలు.

గంటకొకసారి పది సెకండ్లు మాటాడినచో దినమునకు సుమారు 5.8 మిల్లీ ఆంపియర్-గంటలు ఖర్చగును. ఆరు గంటలకొకసారి యైనచో 1.4 మాత్రమే. బ్యాటరీ పదునొకండు నెలలకు బదులు నాలుగేండ్లకు దగ్గరగా రావలెను. ఇది కాగితముమీది లెక్క. బ్యాటరీ తనంతట కొంత తరుగును. అంతకంటె పెద్ద దొంగ మరియొకటి కలదు: బజారులో దొరకు సిద్ధపు బోర్డులపై వెలుగు దీపము, వోల్టేజి తగ్గించు భాగము, యు.ఎస్.బి. చిప్పు నిద్రలోను మిల్లీ ఆంపియర్లు త్రాగుచుండును. అవి 5 త్రాగినను 17 దినములకే బ్యాటరీ ఖాళీ. కనుక చేనికి వట్టి మాడ్యూలునే కొనుడని మా సలహా.

ఎండ వేడికి ఈ గడియారము కొంత తప్పును గనుక, కబురు చేరిన వేళనే లెక్కలో వ్రాసికొనవలెను.