కారు ఎత్తు తగ్గిస్తే అలైన్‌మెంట్ తప్పదా?

ప్రశ్న: మా స్విఫ్ట్‌కు పొట్టి స్ప్రింగులు వేయించి ఎత్తు తగ్గించాను. స్టీరింగ్ తిన్నగానే ఉంది. అయినా వీల్ అలైన్‌మెంట్ చేయించాలా?
– ఒక పాఠకుడు, జహీరాబాద్

జవాబు: తప్పకుండా చేయించాలండీ. స్టీరింగ్ తిన్నగా ఉన్నంత మాత్రాన చక్రాలు సరిగ్గా ఉన్నట్టు కాదు. బండి కిందికి దిగగానే ముందున్న లోయర్ ఆర్మ్, టై రాడ్‌ల వాలు మారుతుంది. దాంతో టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం వాలు) రెండూ మారతాయి. టైర్లను ఎక్కువగా తినేసేది టో తేడాయే. అరుగుదల లోపలి అంచున మొదలైతే బయటి నుంచి కనిపించదు. బండి ఆపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, టైరు మీద అరచేత్తో అటూ ఇటూ తడమండి. ఒకవైపు నున్నగా, మరోవైపు రంపపు పళ్లలా తగిలితే టో తప్పినట్టే.

అలైన్‌మెంట్‌కు ముందు టైర్లలో గాలి సరిచూడండి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించమనండి. స్విఫ్ట్‌లో మామూలుగా సర్దగలిగేది ముందు చక్రాల టో మాత్రమే. కొలతల ప్రింటవుట్ అడిగి తీసుకోండి. కొత్త స్ప్రింగులు కుదురుకుంటాయి కాబట్టి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించండి. 65వ నంబరు జాతీయ రహదారి మీద వానలో వేగంగా వెళ్లేటప్పుడు అరిగిన టైరు ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. కంపెనీ స్పెసిఫికేషన్లకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అందుకే నా సలహా: పాత స్ప్రింగులు తిరిగి వేయించి, వెంటనే అలైన్‌మెంట్ చేయించండి.