రోము నాణెమును గుర్తించు విధము

సత్యనారాయణపేటకు పొరుగు జిల్లాయైన చిత్రదుర్గములో, చంద్రవల్లియందు 1947లో వీలరు దొర జరిపించిన త్రవ్వకములో రోము చక్రవర్తి టైబీరియసు వెండి నాణెము దొరికినది. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోము వెండి నాణెములు 1,531 ఒకే నిక్షేపముగా బయటపడినవి. మన మిరియములకు, నూలుబట్టలకు రోము వర్తకులు చెల్లించిన వెల ఇట్టిది.

గుర్తించుటకు ముందుగా తూకము చూడవలెను. ఆనాటి మంచి నాణెము నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ తూగును. క్రీ.శ. 64 ప్రాంతమున నీరో చక్రవర్తి తూకమును, వెండిపాలును తగ్గించెను. మన దేశపు వెండి నిక్షేపములలో అంతకు ముందటివే మిక్కిలి. పిదప బొమ్మ: టైబీరియసు నాణెమునకు ఒకవైపు ఆయన శిరస్సు, రెండవవైపు కొమ్మ చేబట్టి కూర్చున్న స్త్రీ. తుదకు అక్షరములు. అవి అర్థములేని గీతలైనచో ఈ దేశమున చేసిన అనుకరణ కావచ్చును. నాణెమును తోమరాదు, అక్షరములు అరిగిపోవును.

దొంగసొత్తు కొనుట, తప్పుతూకము, నకిలీని అసలుగా అమ్ముట, ఈ మూడును అచౌర్యాణువ్రతమునకు అతిచారములు. పొలములో దొరికినదని ఎవరైన నాణెము తెచ్చినచో బేరమాడక, ప్రభుత్వాధికారికి తెలుపుమని చెప్పవలెను. 1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెము పురావస్తువు; అనుమతి లేక విదేశములకు పంపరాదు. కరిగించినచో వెండి ధర మాత్రమే చేతికి వచ్చును. పూర్వవర్తకుల సాక్ష్యము పోవును.