లేహ్ దారి నేర్పిన పాఠాలు

సైన్యం రవాణా విభాగంలో నా ఉద్యోగం చాలావరకు శ్రీనగర్‌కీ లేహ్‌కీ మధ్యే గడిచింది. ఇప్పుడు మా ఊరి కుర్రాళ్లు అటు పోస్టింగ్ పడితే వచ్చి, “బాబాయ్, ఎంతసేపు ప్రయాణం?” అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

1. దూరం అడిగే ముందు నెల చూసుకో.

శ్రీనగర్ నుంచి లేహ్‌కి రోడ్డు మీద సుమారు 420 కిలోమీటర్లు. రాత్రికి కార్గిల్‌లో మకాం. మొత్తం రెండు రోజులు. ఆకాశమార్గాన రమారమి 255 కిలోమీటర్లే, విమానం ముప్పావు గంటలో దింపేస్తుంది. రోడ్డు పడకముందు గుర్రాలతో నడిచిన వర్తకులకు రెండు వారాలు దాటేది. ఎండాకాలంలో నీకు రెండు దారులున్నట్టు. మంచు పడ్డాక విమానమే దిక్కు.

2. ఎత్తైన కనుమే కష్టమైన కనుమ కాదు.

ఆ దారిలో ఫోటులా ఎత్తు 4,108 మీటర్లు, జోజిలా 3,528. కొత్త డ్రైవర్లు మ్యాపు చూసి ఫోటులాకి భయపడేవాళ్లు. మమ్మల్ని ఏడిపించింది మాత్రం జోజిలానే. కాశ్మీరు వైపు నుంచి వచ్చే తేమంతా అక్కడే మంచై కురుస్తుంది. ఫోటులా దాకా మబ్బు పెద్దగా చేరదు. అందుకే జోజిలా చలికాలంలో నెలల తరబడి మూతపడేది. తెరిచాక కూడా, మంచు గోడల మధ్య ముందు లారీ మొరాయిస్తే వెనక కాన్వాయ్ మొత్తం నిలిచిపోయేది. అంకెల్ని నమ్ముకోకు, నిన్న ఆ దారిన వచ్చినవాణ్ణి అడుగు.

3. విమానం మిగిల్చిన రోజుల్ని ఒళ్లు వసూలు చేస్తుంది.

లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ ప్యాకెట్టు అక్కడికి చేరేసరికి బూరెలా ఉబ్బి, అంచు విడి, నూనె బట్టలన్నిటికీ పాకేది. గాలి అంత పలచన. అందుకే విమానం దిగిన జవానుకి అలవాటు పడడానికే ఆరు రోజులిస్తారు. మొదటి రెండు రోజులూ పూర్తి విశ్రాంతి. “నాకేమవుతుంది?” అని దిగిన సాయంత్రమే వాలీబాల్ ఆడిన కుర్రాణ్ణి ఆ రాత్రే ఆస్పత్రికి మోశాం. బతికాడు. వద్దని చెప్పాల్సిన పెద్దవాళ్లం ఆట చూస్తూ కూర్చున్నాం.

4. పొద్దున్న తప్పితే ఆ రోజు తప్పినట్టే.

ఎండెక్కేకొద్దీ లోయలో ఈదురుగాలి లేస్తుంది. వేడికి గాలి మరింత పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది. బరువు తగ్గించుకుంటే తప్ప విమానం లేవదు. అందుకే అక్కడ విమానాలకు ఉదయమే అదను. అలాంటి చోటే 1948 మే 24న వాయుసేన పైలట్ మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యని ఎక్కించుకుని తొలిసారి డకోటా విమానాన్ని లేహ్‌లో దింపారు. ఆ తెగువ కథలు విని, మబ్బు చూసి వెనుదిరిగిన పైలట్లని తిట్టుకునేవాళ్లం. వెనక్కి తిప్పడానికీ తెగువ కావాలని ఆలస్యంగా తెలిసింది.

5. ఇంటికి తేదీ రాయకు.

మా చెల్లెలి పెళ్లి మాఘమాసంలో. జోజిలా మూసి ఉంది. లీవు ముందే మంజూరైనా, ముప్పావు గంటేగా అని చివరిదాకా ఆగాను. వరసగా విమానాలు రద్దయ్యాయి. ఇల్లు చేరేసరికి పందిరి విప్పుతున్నారు. నాయనా, ముప్పావు గంట ప్రయాణానికి మూడు రోజులు చేతిలో ఉంచుకో. అవి ఖర్చు కాకపోతే అమ్మ చేతి వంట ఇంకో మూడు రోజులు తింటావు, అంతేగా!