చివరి చేనుకు నీరందకపోతే: కమాండ్ లైన్ ప్రోగ్రాములు, డిపెండెన్సీలు, ఫిర్యాదులు

నాగాయలంక రైతుకు యెగువ, దిగువ అనే మాటలు ఎవరూ నేర్పనక్కరలేదు. విజయవాడలో ప్రకాశం బ్యారేజి దగ్గర వదిలిన నీరు ఎన్ని లాకులు, ఎన్ని తూములు దాటి, పులిగడ్డ అక్విడెక్టు మీదుగా దివిసీమలోకి వచ్చి తన చేనుకు చేరాలో అతనికి తెలుసు. నీరు రాకపోతే లోపం చేలోనే వుందనుకుని అక్కడే కూర్చోడు. కాలవగట్టు పట్టుకుని పైకి నడిచి, నీరు యెక్కడ ఆగిందో చూసి వస్తాడు. విశేషమేమంటే, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు కూడ యీ మాటలే వాడుతున్నారు. ఒక ప్రోగ్రాముకు ఆధారమైన భాగాన్ని అప్‌స్ట్రీమ్ అనీ, దాన్ని వాడుకునే ప్రోగ్రామును డౌన్‌స్ట్రీమ్ అనీ అంటారు. ఆ ఆధారానికే డిపెండెన్సీ అని పేరు.

మన విద్యార్థులకు పనికివచ్చే ఒక ఉదాహరణ తీసుకుందాం. టెసరాక్ట్ అని ఒక కమాండ్ లైన్ ప్రోగ్రాము వుంది. అనగా, బొమ్మలూ బటన్లూ లేకుండా తెర మీద ఆజ్ఞ టైపుచేసి నడిపించేది. అచ్చుపేజీ ఫొటో ఇస్తే అందులోని అక్షరాలు చదివి, మనం దిద్దుకోవడానికి వీలైన పాఠంగా ఇస్తుంది. 1985, 1994 మధ్య హ్యూలెట్ పాకార్డ్ సంస్థలో తయారై, 2005లో సోర్సుకోడుతో సహా అందరికీ విడుదలైంది. పాత సావనీర్లు చెదల పాలు కాకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకునే కాలేజీకి ఇది పైసా ఖర్చు లేని సాధనం.

అయితే ఇది ఒంటరిగా నడవదు. బొమ్మల పని చూడడానికి లెప్టానికా అనే లైబ్రరీ కావాలి. భాషకొక డేటా ఫైలు కావాలి. ఉబుంటులో టెసరాక్ట్ ఎక్కిస్తే ఇంగ్లీషు ఫైలు దానితోపాటే వస్తుంది, తెలుగు ఫైలు మాత్రం విడిగా ఎక్కించుకోవాలి. ఆ సంగతి తెలియని విద్యార్థి తెలుగు పేజీ ఇచ్చి తెలుగులో చదవమంటాడు. ఫలానా చోట ఫలానా డేటా ఫైలు తెరవలేకపోయానని ప్రోగ్రాము నాలుగు వరుసలు రాస్తుంది. మనవాడు మొదటి వరుసలో ఎర్రర్ అన్న మాట చూసి, ‘‘దీనికి తెలుగు రాదండీ’’ అని లేచిపోతాడు. లేని ఫైలు పేరు, అది వుండవలసిన చోటు ఆ వరుసల్లోనే వున్నవి, చదివితే గదా! ఇంతకంటె చిక్కు మరొకటి వుంది. ఏ భాషో చెప్పడం మరచిపోతే టెసరాక్ట్ దాన్ని ఇంగ్లీషే అనుకుని, మన అక్షరాలను ఏబీసీడీలుగా చదివి చెత్త పోస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. నోరు తెరిచి చెప్పే ప్రోగ్రామే నయం.

పైథాన్ నేర్చినవారు పైటెసరాక్ట్ అనే దాన్ని పిప్‌తో తెచ్చుకుంటారు. ఇది కేవలం మధ్యవర్తి. అసలు టెసరాక్ట్‌ను పిలిచి, అది చెప్పింది మనకు అందిస్తుంది. పిప్ తెచ్చేది యీ మధ్యవర్తినే, అసలు మనిషిని కాదు. ‘‘టెసరాక్ట్ లేదు, లేదా దాని దారి తెలియడం లేదు’’ అని అది మొరపెట్టుకుంటే, పైటెసరాక్టే చెడిపోయిందని దాని రచయితల మీద విరుచుకుపడడం న్యాయమా? వెర్షన్ల గొడవ కూడ వుంది. 2018లో వచ్చిన 4వ వెర్షన్‌తో చదివే పద్ధతే మారింది. ఆ కొత్త పద్ధతికి తయారుచేసిన డేటా ఫైళ్లను పాత 3వ వెర్షన్ చదవలేదు. పక్కవాడి మెషీన్‌లో నడిచింది మన మెషీన్‌లో నడవకపోవడానికి ఇలాంటి కారణాలే ఎక్కువ. ప్రతి ప్రాజెక్టుకూ వేరే ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, వాడిన వెర్షన్లను ఒక ఫైలులో రాసివుంచితే సగం తలనొప్పి పోతుంది. ఇక ప్రోగ్రాము రాసేవారు, పని మొదలు కాకముందే కావలసినవన్నీ వున్నాయో లేదో చూసి, లేనిదాన్ని ఏ ఆజ్ఞతో తెచ్చుకోవాలో అక్కడే చెప్పడం మర్యాద.

ఇన్ని చేసినా నిజంగానే బగ్ అని తేలవచ్చు. అప్పుడు ‘‘తెలుగు పనిచేయడం లేదు, త్వరగా చూడండి’’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఉబుంటు 22.04, టెసరాక్ట్ 4.1.1, నేను టైపుచేసిన ఆజ్ఞ ఇది, రావలసింది ఇది, వచ్చింది ఇది అని రాయాలి. ఎర్రర్ వరుసలను తెర ఫొటోగా కాక, అక్షరాలుగానే కాపీ చేసి పంపాలి. నూరు పేజీల పుస్తకం పంపకుండా, తప్పు కనబడే ఒక్క పంక్తి కత్తిరించి పంపితే చూసేవారి పని ఎంతో తేలికవుతుంది.

కచ్చితంగా చెప్పడం ఎంత అవసరమో మన అక్షరమే లోకానికి చాటింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం వస్తే ఐఫోనులోని యాప్‌లు కూలిపోతున్నాయని గగ్గోలు పుట్టింది. వాట్సాప్, జీమెయిల్ ఒకరు చేసినవి కావు. అయినా అన్నీ ఆగిపోయాయి, ఎందుకంటే అక్షరాలను తెర మీద పేర్చడానికి అవన్నీ ఆపిల్ వారి ఒకే ఉమ్మడి భాగం మీద ఆధారపడినవి. ఇక తప్పు తెలుగుదీ కాదు, మామూలు ‘జ్ఞా’దీ కాదు. జ, పొల్లు, ఞ, తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని గుర్తు, ఆపైన దీర్ఘం. యీ అయిదూ యీ వరుసలో వస్తేనే ప్రమాదం. ఇతర భారతీయ లిపుల్లో కూడ ఇలాంటి కూర్పులు కొన్ని ఇదే పని చేశాయి. ఆ ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో అది సరిఅయింది. ‘‘తెలుగు అక్షరం ఫోన్లు చంపుతోంది’’ అన్న వార్తతో ఎవరూ ఏమీ బాగుచేయలేరు. అయిదు కోడ్ల వరుస రాసి ఇస్తే ఏ ఇంజనీరైనా తన బల్ల మీదనే చూసుకోగలడు.

ఫిర్యాదు అందుకునేవారి సంగతీ ఆలోచించాలి. వారిలో చాలమంది జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని పనిచేసేవారు. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనాన్ని ఏళ్ల తరబడి ఒక్కరే చూసుకునేవారు. పని నిదానంగా సాగుతోందని 2022లో ఎవరో తెలియని పేర్లతో ఒత్తిడి ఉత్తరాలు వచ్చాయి. చివరకు బాధ్యతలో కొంత జియా టాన్ అనే పేరుగల కొత్తవ్యక్తి చేతిలో పడింది. ఆ పేరుతోనే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. దూరపు కంప్యూటర్లలోకి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో నేరుగా సంబంధం లేదు. కొన్ని లినక్స్‌లు దానికి సిస్టమ్‌డి లైబ్రరీని తగిలించాయి, ఆ లైబ్రరీకి ఎక్స్‌జెడ్ వారి భాగం కావాలి. అలా మూడో తూము నుంచి విషం దిగింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుబట్టి పైకి నడిచి, 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. అర సెకను! మనం అయితే ఇంటర్నెట్ నెమ్మదిగా వుందని సరిపెట్టుకునేవాళ్లం.

తెలుగు విషయంలో సరిపెట్టుకోవడమే మనకు అలవాటైంది. వత్తు విడిపోయినా, సున్న పోయినా చేత్తో దిద్దుకుంటాం గాని ఫిర్యాదు రాయం. ఇంగ్లీషు సరిగా రాదని కొందరికి బెదురు. వెర్షన్లు, ఆజ్ఞ, ఫలితం రాయడానికి పెద్ద ఇంగ్లీషు అక్కరలేదు. అయితే, అవతల చదివేవారికి తెలుగు అక్షరం ఒక్కటైనా తెలియకపోవచ్చు. రెండు పంక్తులు పక్కపక్కన పెడితే ఏది తప్పో వారికి కనబడదు. అందుచేత పంక్తిలో ఎన్నో అక్షరం తప్పిందో లెక్కబెట్టి, రావలసిన అక్షరం యూనికోడ్ సంఖ్యలనూ, వచ్చిన అక్షరం సంఖ్యలనూ దాని కిందనే రాసి పంపాలి.